పాత బండికి నాలుగు చక్రాలూ తిరగాలా?

"అక్కా, సెకండ్‌హ్యాండ్ ఔట్‌బ్యాక్ ఒకటి చూశాం. రిలయబులేనా?"

ఏటా అక్టోబరు చివర్లో మన కాలేజీ జూనియర్ల దగ్గర్నుంచి నాకు వచ్చే మెసేజ్ ఇది. ఇక్కడ మిషిగన్‌లో ఆకులు రాలిపోయి, మొదటి మంచు ఎప్పుడు పడుతుందా అని అందరూ ఫోన్లో వాతావరణం చూసుకునే రోజులవి. బండి పేరు మారుతూ ఉంటుంది. ఒకరిది సుబారు, ఒకరిది వోల్వో, చేతిలో కాస్త ఎక్కువ ఆడేవాళ్ళది ఆడి. ప్రశ్న మాత్రం మారదు. ఈసారి సాహితీ క్లబ్ వాళ్ళు పూర్వ విద్యార్థుల పేజీకి ఏదైనా రాయమన్నారు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే జవాబు చెప్పేస్తున్నా. కవిత వస్తుందని ఎదురుచూసిన సంపాదకులు మన్నించాలి.

నా అభిప్రాయం ముందే చెప్తాను. మంచు పడే ఊళ్ళో, చంటిపిల్ల ఉన్న ఇంటికి, అప్పు చేయకుండా కొనగలిగిన కార్లలో ఎనిమిది తొమ్మిదేళ్ళ ఆల్‌వీల్‌డ్రైవ్ వాగన్‌ని మించింది నాకు కనపడలేదు. కానీ అది "రిలయబుల్" అవునా కాదా అని బ్రాండ్ పేరు చెప్పి అడిగితే మాత్రం ఎవరూ జవాబు చెప్పలేరు. చెప్పినవాళ్ళని నమ్మకండి.

మెకానికల్ వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, రిలయబిలిటీకి మనం పరీక్షలో రాసిన నిర్వచనం. ఒక వస్తువు, చెప్పిన పరిస్థితుల్లో, చెప్పిన కాలం పాటు, తన పని తాను చేసే సంభావ్యత. ఇందులో రెండు షరతులున్నాయి. ఏ పరిస్థితుల్లో? ఎంతకాలం? ఈ రెండూ వదిలేసి "సుబారు మంచిదా" అనడం "గుంటూరు వాళ్ళు ఆరోగ్యంగా ఉంటారా" అని అడిగినట్టుంటుంది. పత్రికల్లో వచ్చే ర్యాంకులు కొత్త కార్ల గురించో, మూడు నాలుగేళ్ళ కార్ల గురించో ఎక్కువ చెప్తాయి. మనం కొనేది తొమ్మిదో ఏట. బాత్‌టబ్ కర్వ్ గీశాం కదా, ఆ చదునైన భాగం అయిపోయి కుడివైపు గోడ మొదలయ్యే చోట నిలబడి ఉంటుంది బండి. అయితే అక్కడ కూడా బండి మొత్తం ఒకేసారి అరిగిపోదు. రబ్బరుకి ఒక వయసు, గాస్కెట్‌కి ఒక వయసు, నూనెకి ఒక వయసు, ఇనుముకి ఇంకో వయసు. పాత కారు కొనడమంటే ఈ వయసులన్నీ విడివిడిగా లెక్కేసుకోవడమే.

అసలు ఎస్టేట్ కారు అంటే ఏమిటో మన ఊళ్ళో చాలామందికి తెలియదు, తప్పు వాళ్ళది కాదు. సెడాన్ డిక్కీ మీద పైకప్పుని వెనకదాకా లాగితే వచ్చేదే ఎస్టేట్. బ్రిటన్లో ఎస్టేట్, అమెరికాలో స్టేషన్ వాగన్, జర్మనీలో కాంబీ, ఆడి వాళ్ళ భాషలో అవాంట్. మన దేశంలో టాటా వాళ్ళు 1992లో ఎస్టేట్ పేరుతోనే ఒకటి తెచ్చారు. ఆ తర్వాత మారుతి బలేనో ఆల్టురా, ఇండిగో మరీనా, స్కోడా ఆక్టావియా కాంబీ వచ్చాయి, పోయాయి. మనవాళ్ళకి వెనక పొడుగ్గా ఉంటే అంబులెన్స్ గుర్తొస్తుంది. వాగన్ ఆర్ పేరులో వాగన్ ఉందిగానీ అది ఈ జాతి కాదు. సుబారు అయితే ఇండియాలో తన పేరుతో అధికారికంగా అమ్మనే అమ్మలేదు. అందుకే అమెరికా వచ్చాకే మనవాళ్ళు మొదటిసారి ఇలాంటి బండి తలుపు తీసి చూస్తారు.

తీసి చూసినవాళ్ళు మళ్ళీ సెడాన్ వైపు చూడరు. ఇండియా నుంచి అమ్మానాన్న వస్తే ఎయిర్‌పోర్టులో మనిషికి రెండేసి చొప్పున నాలుగు పెద్ద పెట్టెలు, ఒక్కొక్కటి ఇరవై మూడు కిలోలు, వాటిలో ఆవకాయ, కారప్పొడి, పాపకి పట్టులంగాలు. పక్కన మడత స్ట్రోలర్. వెనక సీట్లో కార్ సీటు కట్టి ఉంటుంది. ఇవన్నీ సెడాన్‌లో పట్టవు. ఎస్‌యూవీలో పడతాయి, కానీ అదే వయసు, అదే మైలేజీ ఉన్న ఎస్‌యూవీకి ధర ఎక్కువ. బరువూ ఎక్కువ, ఎత్తు ఎక్కువ కాబట్టి మలుపులో ఊగడమూ ఎక్కువే. మోకాళ్ళ నొప్పులున్న నాన్నగారు వాగన్‌లోకి ఎక్కక్కర్లేదు, అలా పక్కకి కూర్చుంటే చాలు. ఇది ఏ స్పెసిఫికేషన్ షీట్‌లోనూ ఉండదు.

ఈ జాతికి నాలుగు చక్రాల పవరు తగిలించిన కథ కూడా బాగుంటుంది. సుబారు 1972లో లియోన్ ఎస్టేట్ వ్యాన్‌కి ఫోర్‌వీల్‌డ్రైవ్ పెట్టింది. జీపు కొనే స్తోమతో అవసరమో లేని, మంచులోనూ కొండల్లోనూ తిరగాల్సిన మామూలు మనిషి కోసం. 1980లో ఆడి క్వాట్రో వచ్చి అదే ఆలోచనకి రేసు గ్లామర్ తెచ్చింది. అమెరికాలో ఏఎమ్‌సీ ఈగిల్ కూడా అప్పటిదే. 1990ల మధ్యలో సుబారు తన లెగసీ వాగన్‌ని కాస్త ఎత్తు పెంచి ఔట్‌బ్యాక్ అని పేరు పెట్టి, ప్రకటనల్లో క్రొకొడైల్ డండీ నటుడు పాల్ హోగన్‌ని పెట్టింది. అది ఎంత అమ్ముడుపోయిందంటే వోల్వో, ఆడి కూడా తమ వాగన్లని పైకి లేపి క్రాస్ కంట్రీ, ఆల్‌రోడ్ అని పేర్లు పెట్టాయి. చివరికి 2026 మోడల్‌కి ఔట్‌బ్యాకే పెట్టెలాంటి ఎస్‌యూవీ అయిపోయింది. అంటే నిజమైన వాగన్ కావాలంటే ఇక పాతదే దిక్కు.

ఇక్కడ ఒక మాట. డాలస్, హ్యూస్టన్, ఫీనిక్స్‌లలో ఉన్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీకు ఇది అక్కర్లేదు. ఏడాదికి ఒకటి రెండు రోజులు గడ్డకట్టే ఊరి కోసం ట్రాన్స్‌ఫర్ క్లచ్, ప్రొపెల్లర్ షాఫ్ట్, వెనక డిఫరెన్షియల్ మోసుకుంటూ తిరగడం, వాటికి నూనెలు మార్చడం, పెట్రోలు ఎక్కువ తాగించడం అనవసరం. ఆ ఒకటి రెండు రోజులు ఇంట్లో కూర్చోండి. పాత కారులో లేని భాగం ఎప్పటికీ చెడిపోదు. ఇది రిలయబిలిటీ సబ్జెక్టులో నాకు అన్నిటికంటే నచ్చిన సూత్రం.

మరి మిషిగన్, మిన్నెసోటా, న్యూయార్క్ ఉత్తర భాగం, కొలరాడో వాళ్ళకి? ఇక్కడ కూడా ఒక అపోహ ఉంది, దాని వల్ల ప్రాణాలు పోతాయి కాబట్టి కొంచెం గట్టిగానే చెప్తాను. ఆల్‌వీల్‌డ్రైవ్ బండిని కదిలిస్తుంది. ఆపదు. ప్రతి కారుకీ నాలుగు చక్రాలకీ బ్రేకులు ముందే ఉన్నాయి. బండి ఎంత దూరంలో ఆగుతుందో తేల్చేది టైరుకీ రోడ్డుకీ మధ్య ఘర్షణే. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఉన్నారనుకోండి. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.7 వేసుకుంటే దాదాపు 14 మీటర్లలో ఆగుతారు. తొక్కిన మంచు మీద 0.2 వేసుకుంటే దాదాపు 49 మీటర్లు. ఈ లెక్కలో ఎక్కడైనా "ఎన్ని చక్రాలకి పవరు" అనే పదం వచ్చిందా? రాదు. పైగా ఆల్‌వీల్‌డ్రైవ్‌కి ఒక చెడ్డ గుణం ఉంది. బయల్దేరేటప్పుడు చక్రం జారదు కాబట్టి రోడ్డు ఎంత జారుడుగా ఉందో డ్రైవరుకి తెలియనివ్వదు. ఫ్రంట్‌వీల్‌డ్రైవ్ అయితే సిగ్నల్ దగ్గరే గిర్రున తిరిగి హెచ్చరించేది. అందుకే మంచు తుపాను రోజున హైవే పక్క గుంటలో దిగబడిన బండ్లలో పెద్ద పెద్ద ఫోర్‌వీల్‌డ్రైవ్‌లు కూడా కనపడుతుంటాయి.

కాబట్టి బడ్జెట్‌లో మొదట వింటర్ టైర్ల డబ్బు పక్కన పెట్టండి. పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్య మంచుపువ్వు గుర్తు ఉండాలి. అరిగిన ఆల్‌సీజన్ టైర్లతో ఉన్న ఆల్‌వీల్‌డ్రైవ్ కంటే, మంచి వింటర్ టైర్లు వేసిన మామూలు కరోలా నయం. రెండూ ఉంటే రాజయోగం.

టైర్ల సంగతి వచ్చింది కాబట్టి, ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి. కాడికి కట్టిన రెండు ఎడ్లలో ఒకటి పెద్ద అడుగు, ఒకటి చిన్న అడుగు వేస్తే ఏమవుతుంది? మెడ కాయలు కాస్తుంది. ఆల్‌వీల్‌డ్రైవ్‌లో ముందు ఇరుసు, వెనక ఇరుసు ఒకే కాడికి కట్టిన ఎడ్లు. ఆ కాడి పేరు సెంటర్ డిఫరెన్షియలో, ట్రాన్స్‌ఫర్ క్లచ్చో, విస్కస్ కప్లింగో అవుతుంది. మలుపు తిరిగేటప్పుడు వచ్చే కొద్దిపాటి తేడాని అది మింగుతుంది, దానికోసమే పెట్టారు. తిన్నని రోడ్డు మీద గంటల తరబడి తేడా ఉంటే మాత్రం వేడెక్కి కాలిపోతుంది.

లెక్క వేద్దాం. 225/60, 17 అంగుళాల రిమ్ టైరు తీసుకోండి. వ్యాసం దాదాపు 702 మిల్లీమీటర్లు, చుట్టుకొలత దాదాపు 2205. కొత్త టైరు ట్రెడ్ 8 మిల్లీమీటర్లు ఉందనుకుందాం, సగం అరిగినది 4. వ్యాసార్థంలో 4 మిల్లీమీటర్ల తేడా, చుట్టుకొలతలో 25. ముందు రెండూ కొత్తవి, వెనక రెండూ పాతవి అయితే ప్రతి కిలోమీటరుకీ వెనక చక్రాలు ముందువాటికంటే దాదాపు ఐదు చుట్లు ఎక్కువ తిరగాలి. వంద కిలోమీటర్ల హైవే ప్రయాణానికి ఐదొందల చుట్లు. ఆ ఐదొందల చుట్లూ క్లచ్ పలకల మీద రాపిడే. సుబారు తన బండ్లకి పెట్టిన పరిమితి చుట్టుకొలతలో పావు అంగుళం తేడా. అంటే ట్రెడ్ లోతులో ఒక్క మిల్లీమీటరు! సగం అరిగిన సెట్టులో ఒక టైరుకి మేకు దిగి పాడైతే, ఒక్క కొత్త టైరు వేయించడం కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. నాలుగూ మార్చాలి, లేదా కొత్త టైరుని మిగతావాటి లోతుకి చెక్కించాలి. టైరు చెక్కి అమ్మే షాపులు ఇక్కడ ఉన్నాయి.

మా అపార్ట్‌మెంట్స్‌లో ఉండే ఒక తెలుగు కుటుంబం కొన్న వాగన్‌కి ఇదే జరిగింది. పేపర్లు బాగున్నాయి, ఒకే ఓనరు, లోపల సీట్లు తళతళ. పాపకి అప్పటికి నాలుగు నెలలు. కొన్న మూడు వారాలకి పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే బండి ఎవరో వెనక్కి లాగుతున్నట్టు గునిసి గునిసి కదలడం మొదలెట్టింది. చూస్తే నాలుగు టైర్లలో మూడు ఒక కంపెనీవి, ఒకటి వేరేది, మిగతావాటికంటే చాలా కొత్తది. పాత ఓనరు మేకు దిగినప్పుడు ఏదో టైరు షాపులో ఒక్కటే వేయించుకున్నాడు, షాపువాడు వద్దని చెప్పలేదు. ట్రాన్స్‌ఫర్ క్లచ్ ప్యాక్ మార్చడానికి అయిన ఖర్చు ఆ ఇంటి ఒక నెల అద్దెని దాటింది. ఇంజనుకీ, కంపెనీ పేరుకీ ఇందులో ఏ సంబంధమూ లేదు. ఆ బండి ఇప్పటికీ బ్రహ్మాండంగా నడుస్తోంది.

అందుకే బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు బానెట్ తర్వాత ఎత్తండి, ముందు టైర్ల దగ్గర వంగండి. నాలుగూ ఒకే కంపెనీ, ఒకే మోడలా? ట్రెడ్ లోతు కొలిచే చిన్న గేజ్ ఆరేడు డాలర్లకి దొరుకుతుంది, కొలవండి. తర్వాత ఖాళీ పార్కింగ్‌లో, పొడి నేల మీద, ఇంజను వేడెక్కాక, స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా గుండ్రంగా తిరగండి. బండి గెంతినా, బిగుసుకుపోయినట్టు అనిపించినా అక్కడితో బేరం ఆపేయండి. దీనికి ఏ స్కానరూ అక్కర్లేదు.

ఇంజన్ల మాటకొస్తే సుబారు మీద ఉన్న చెడ్డపేరు ఊరికే రాలేదు. 1990ల చివర్నుంచి 2000లన్నీ ఏలిన 2.5 లీటర్ల బాక్సర్ ఇంజనుకి హెడ్ గాస్కెట్ జబ్బు నిజం. మొదట్లో వచ్చిన డబుల్ క్యామ్ వాటిలో గ్యాస్ లోపల్లోపలే కూలెంట్‌లోకి చేరి బండి ఉన్నట్టుండి వేడెక్కేది. తర్వాతి సింగిల్ క్యామ్ వాటిలో కారడం బయటికి, హెడ్డు కింది అంచున చెమట పట్టినట్టు నూనె, కూలెంట్. రెండోది కొంత మర్యాదస్థుడు, ముందే చెప్పి చస్తాడు. మంచి మెకానిక్ చేతిలో మల్టీలేయర్ స్టీల్ గాస్కెట్‌తో ఒకసారి బాగుచేయించిన ఇంజను, అసలు బాగుచేయించని ఇంజను కంటే నాకు ఇష్టం. చాలామంది "హెడ్ గాస్కెట్ చేయించారట, వద్దు" అని పారిపోతారు. నేనైతే రసీదు చూపించమని అడిగి దగ్గరికి జరుగుతాను. అదే ఇంజనుకి టైమింగ్ బెల్టు 1,05,000 మైళ్ళకి మార్చాలి. అది తెగితే వాల్వులు పిస్టన్లని గుద్దుకునే రకం. 98 వేల మైళ్ళ బండి "చవగ్గా" ఎందుకు అమ్ముతున్నారో ఇప్పుడు అర్థమైంది కదా.

2013 ఔట్‌బ్యాక్ నుంచి బెల్టు పోయి చైన్ వచ్చింది, గాస్కెట్ గోల దాదాపు పోయింది. దాని బదులు కొన్ని మోడళ్ళు నూనె తాగడం మొదలెట్టాయి. దావా వేశారు, 2016లో రాజీ అయింది. అలాంటి బండి కొంటే నెలకోసారి డిప్‌స్టిక్ తీసి చూసే అలవాటు ఉండాలి. ఆ అలవాటు లేనివాళ్ళే "ఇంజను ఉన్నట్టుండి సీజ్ అయింది" అంటారు. ఇక 2010 నుంచి వచ్చిన సీవీటీ గేర్‌బాక్సులు. కొన్ని ఏళ్ళ మోడళ్ళకి కంపెనీయే వారంటీని పదేళ్ళు, లక్ష మైళ్ళకి పొడిగించింది. ఏ కంపెనీ అయినా దానధర్మం కోసం వారంటీ పొడిగించదు కదా. "దీని ఫ్లూయిడ్ జీవితాంతం మార్చక్కర్లేదు" అని ఎవరైనా అంటే, ఎవరి జీవితాంతం అని అడగండి. గేర్‌బాక్స్ జీవితాంతమే అయ్యుంటుంది.

వోల్వో వాగన్ల మీద నాకు మెత్తని మూల ఉంది, దాచను. సీట్లు అలాంటివి. కానీ పాతవాటిలో ఒక తమాషా ఉంటుంది. ముందు యాంగిల్ గేర్ దగ్గర పళ్ళు అరిగిపోయినా, వెనక హాల్డెక్స్ క్లచ్ పంపు మూగబోయినా, బండి నిక్షేపంగా ఫ్రంట్‌వీల్‌డ్రైవ్‌లా నడుస్తూనే ఉంటుంది. పొడి రోడ్డు మీద ఎవరికీ తెలియదు. నాలుగు చక్రాల బండి అనుకుని ఏళ్ళ తరబడి రెండు చక్రాల బండి తోలినవాళ్ళున్నారు. తెలిసేది మంచులో, వాలు డ్రైవ్‌వే ఎక్కనప్పుడు. హాల్డెక్స్‌కి ఆయిల్ మార్చారా, పంపు జల్లెడ శుభ్రం చేశారా అని అడగండి. అమ్మేవాడు "హాల్డెక్స్ అంటే?" అన్నాడంటే చేయలేదని అర్థం.

పాత ఆడి ఆల్‌రోడ్ గురించి ఒక్క ముక్కే. ఎయిర్ సస్పెన్షన్, రెండు టర్బోలు, ఇరుకు బానెట్. ఫొటో తీసుకుని వచ్చేయండి.

అన్నిటికంటే పెద్ద శత్రువు మాత్రం ఇంజనూ కాదు, గేర్‌బాక్సూ కాదు, ఉప్పు. డెట్రాయిట్ నగరం కిందే ఉప్పు గని ఉంది. చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతూనే ఉంటారు. విశాఖ బీచ్ రోడ్డు దగ్గర ఇంటి కిటికీ ఊచలు చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బండి పైన పెయింటు నిగనిగలాడుతుంది, కింద సబ్‌ఫ్రేమ్, బ్రేకు పైపులు, వెనక సస్పెన్షన్ చేతులు పొరలు పొరలుగా ఊడుతుంటాయి. పైన పటారం, లోన లొటారం. మిషిగన్‌లో ఏటా బండిని తనిఖీ చేయించాలనే చట్టం కూడా లేదు, కాబట్టి ఎవరూ చూసి ఉండరు. గాస్కెట్ మార్చొచ్చు, గేర్‌బాక్స్ మార్చొచ్చు, తుప్పు పట్టిన శరీరాన్ని మార్చలేం. 60 వేల మైళ్ళ తుప్పు బండి కంటే, దక్షిణాది నుంచి వచ్చిన 1,20,000 మైళ్ళ శుభ్రమైన బండి మేలని నా లెక్క. మనవాళ్ళు ఓడోమీటర్‌ని చూసినంత భక్తిగా బండి కిందకి చూడరు.

అందుకని స్వతంత్ర మెకానిక్ దగ్గర, లిఫ్ట్ మీద పెట్టించి చూపించుకోవడం మానకండి. రెండు వందల డాలర్లు అటూఇటూ అవుతుంది. అమ్మేవాడి చుట్టం కాని మెకానిక్ అయ్యుండాలి. మీ దగ్గర చిన్న ఓబీడీ స్కానర్ ఉంటే ఎర్రర్ కోడ్‌లు లేవని సంతోషించకండి, రెడీనెస్ మానిటర్లు పూర్తయ్యాయో లేదో చూడండి. చాలావరకు "నాట్ రెడీ" అని చూపిస్తే బ్యాటరీ ఈమధ్య తీసి పెట్టారు, లేదా మీరు వచ్చే ముందు కోడ్‌లు చెరిపేశారు. టైటిల్ మీద "సాల్వేజ్", "రీబిల్ట్" అని ఉంటే ఎంత తక్కువకి వచ్చినా వద్దు. ప్రమాదం జరిగిన బండిలో ఇరుసులు సూటిగా ఉన్నాయో లేదో మన కంటికి తెలియదు. ఆల్‌వీల్‌డ్రైవ్‌కి ఆ సూటిదనమే ప్రాణం.

ఇంత తలనొప్పి ఎందుకు, అప్పు తీసుకుని కొత్త ఎస్‌యూవీ కొంటే పోలా అంటారు కొందరు. వాళ్ళ వాదనలో న్యాయం ఉంది. వారంటీ ఉంటుంది, రాత్రి నిద్ర పడుతుంది, చంటిపిల్లతో హైవే మీద ఆగిపోతామనే భయం ఉండదు. ఇద్దరికీ స్థిరమైన వీసా, స్థిరమైన ఉద్యోగం ఉంటే కొనుక్కోండి, నేను అడ్డుపడను. కానీ నాకు మెసేజ్‌లు పెట్టేవాళ్ళలో ఎక్కువమంది హెచ్‌వన్‌బీ మీద ఒక్క జీతంతో నడిచే ఇళ్ళవాళ్ళు. ఉద్యోగం పోతే గరిష్ఠంగా అరవై రోజుల గడువు. ఆ అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరకాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా విమానం ఎక్కాలి. క్రెడిట్ చరిత్ర లేకుండా తీసుకున్న అప్పుకి వడ్డీ ఎక్కువ, కొత్త బండి విలువ మొదటి రెండు మూడేళ్ళలో వేగంగా జారుతుంది. ఆ సమయంలో అమ్మితే వచ్చేది కట్టాల్సిన దానికంటే తక్కువ ఉంటుంది. ఇంటికి పోతూ పోతూ జేబులోంచి బ్యాంకుకి కట్టి మరీ పోవాలి. మా టీమ్‌లో లేఆఫ్‌లు జరిగినప్పుడు ఇలాంటి బండి తాళాలు చేతిలో పట్టుకుని లెక్కలు వేసుకున్న ఒక అన్నయ్యని చూశాను. అదే సమయంలో పాత వాగన్ ఉన్న ఇంకో కుటుంబం దాన్ని వారంలో అమ్మేసి, కొన్నదానికంటే పదిహేను వందలు తక్కువకి, నికరంగా చేతిలో డబ్బుతో హైదరాబాద్ వెళ్ళిపోయింది. పూర్తిగా డబ్బు కట్టేసిన పాత బండి ఆ అరవై రోజుల్లో ఆస్తి. అప్పులో ఉన్న కొత్త బండి ఇంకో బాధ్యత. రిలయబిలిటీ నిర్వచనంలో "చెప్పిన పరిస్థితులు" అన్నామే, మన పరిస్థితుల్లో వీసా కూడా ఒకటి. ఏ పత్రిక ర్యాంకింగ్‌లోనూ ఆ కాలమ్ ఉండదు.

అయితే చేతిలో ఉన్న డబ్బంతా బండి ధరకే పోసేయకండి. పది వేలు ఉంటే ఎనిమిదిలోపు బండి చూడండి. మిగిలిన రెండు వేలూ ఖర్చు కాని డబ్బు అనుకోవద్దు, అది ఆ బండి ధరలో భాగమే. కొన్న మొదటి నెలలోనే ఇంజను నూనె, గేర్‌బాక్స్ ఫ్లూయిడ్, ముందు వెనక డిఫరెన్షియల్ నూనెలు, కూలెంట్, బ్రేకు ఫ్లూయిడ్ మార్పించండి. పాత ఓనరు మార్చానన్నా సరే, రసీదు లేకపోతే మార్చనట్టే. రసీదుల కవరు ఉన్న ఓనరు దొరికితే ఐదొందలు ఎక్కువ అడిగినా ఇవ్వండి. నీట్‌గా తేదీల ప్రకారం పేర్చి పెట్టుకున్న మనిషి బండిని కూడా అలాగే చూసుకుని ఉంటాడు.

ఇంకా ఎవరైనా మెసేజ్ పెట్టాలనుకుంటే బండి పేరు ఒక్కటే పంపకండి. మైలేజీ, ఏ రాష్ట్రంలో తిరిగింది, నాలుగు టైర్ల ట్రెడ్ లోతు, కింద నుంచి తీసిన రెండు ఫొటోలు, దొరికినన్ని రసీదులు పంపండి, చూసి చెప్తాను. వింటర్ టైర్లకి మాత్రం నా జవాబు కోసం ఆగొద్దు. మొదటి మంచు పడిన రోజు ఊరంతా టైరు షాపు ముందే ఉంటుంది, అపాయింట్‌మెంట్ రెండు వారాల తర్వాత గానీ దొరకదు.